గుడికెళ్ళొచ్చి బండి తీసే మనిషి

క్రితం వారం మోహనప్రియను శనివారంనాటి పాసర్‌లో, అంటే సంతలో, కూరగాయల కొట్టు ముందు, చేతిలో కొత్తిమీర కట్టతో నిలబెట్టి వదిలేశాం. ఆమె ఇంటికైతే వచ్చేసింది గానీ మనసు మాత్రం ఇంకా ఆ కొట్టు ముందే ఉంది. ఎదురుగా వస్తున్న అంబిగ ఆమెను చూసింది. చూసి, చూడనట్టుగా చేపల వరుసలోకి తిరిగిపోయింది. అంబిగ ఇంట్లో మూడు తరాలుగా చేప ముట్టరు. ఆ సంగతి మలేషియాలోని ఈ చిన్న ఊరు తెలుక్ ఇంతాన్‌లో పిల్లులకు కూడా తెలుసు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం మిగతాది కూడా చెప్పేస్తాను. మోహనప్రియ సైబర్‌జయలో ఏడేళ్ళు ఉద్యోగం చేసి, కిందటేడు సొంత ఊరికి తిరిగొచ్చి, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటోంది. ఆమె తండ్రి వీరాస్వామి బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ తోట లారీ నడిపి, పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో బడిపిల్లల వ్యాన్ నడుపుతున్నాడు. తల్లి మరిడమ్మ పోయి నాలుగేళ్ళు. పద్నాలుగు మంది పిల్లలు ఎక్కే ఆ వ్యాన్‌లో మూడు వారాలు తిరక్కుండా ఐదుగురు మిగిలారు. మాన్పించిన తల్లిదండ్రుల్లో ఒక్కరూ అసలు కారణం చెప్పలేదు. ఒకరు తాము దింపుకుంటామన్నారు, ఒకరు పిల్లకు వ్యాన్ పడడం లేదన్నారు. అంబిగ తన కవలల్ని మాన్పించి అసలేమీ అనలేదు. శుక్రవారంనాడు తల్లిదండ్రుల సంఘం పెద్ద కోగిలన్ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆదివారం నాలుగింటికి బడి హాలులో వ్యాన్ విషయం మాట్లాడాలి, వీరాస్వామి అన్నే, అంటే అన్నగారు, తప్పకుండా రావాలి అని. వ్యాన్‌ని వేరేవాళ్ళకి అప్పగించబోతున్నారని వేరే చెప్పక్కర్లేదు.

మోహనప్రియకు అర్థంకానిది ఒక్కటే. ఈ ఊళ్ళో ఏదీ దాగదు కదా, మరి ఈ ఒక్క సంగతీ తన దాకా ఎందుకు రావడం లేదు? సైబర్‌జయలో పదకొండో అంతస్తులో ఉన్నప్పుడు ఎదురింటివాళ్ళ పేరేమిటో ఏడేళ్ళలో తెలుసుకోలేదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు. ఇక్కడ కాకరకాయలు కొని ఇల్లు చేరేలోపు, మీ ఇంట్లో ఎవరికి షుగరు అని పక్కింటావిడ గేటు దగ్గర కాచుకుని అడుగుతుంది. వచ్చిన కొత్తలో ఆమెకు ఊపిరాడేది కాదు. రానురాను అదే నచ్చడం మొదలుపెట్టింది. జ్వరమొస్తే ఎవరికీ చెప్పకుండానే ఇంటికి రసం వచ్చేది. టైరు పంక్చరైతే తను ఇంకా దిగకముందే ఎవరో ఒకరు జాకీతో తయారయ్యేవారు. ఇప్పుడు తెలిసొచ్చిందేమిటంటే, ఈ ఊళ్ళో కబురు అన్ని ఇళ్ళకీ వెళ్తుంది, ఎవరి గురించో ఆ ఇంటికి తప్ప. ఊరి నడుమ ఉన్న గడియారం స్తంభం ఒక పక్కకి వాలిపోయి నూరేళ్ళు దాటింది. దాన్ని చూసి ఎవరికీ కంగారు లేదు. మనిషి కాస్త వాలినట్టు కనిపిస్తే మాత్రం ఊరంతా కళ్ళు చిట్లించుకుని చూస్తుంది.

కబురు రాలేదు గానీ, ఆ మూడు వారాల్లో వాళ్ళ ఇంటికి వింత వింత వస్తువులు వచ్చాయి. మొదట గేటుకి సంచీడు నిమ్మకాయలు తగిలించి ఉన్నాయి. తగిలించిందెవరో తెలియదు. నాలుగు రోజుల తర్వాత వేళ్ళతో సహా పీకిన నేల ఉసిరి మొక్కలు తడిగుడ్డలో చుట్టి మెట్టు మీద పెట్టి ఉన్నాయి. తమిళులు దాన్ని కీళానెల్లి అంటారు, కామెర్లొస్తే నూరి మింగిస్తారు. ఇంట్లో ఎవరికీ కామెర్లు లేవు. కాఫీ కొట్టు చైనా ముసలాయనైతే వీరాస్వామి భుజం తట్టి "పెలాన్ పెలాన్ లా, అంకుల్" అన్నాడట. మలాయిలో, మెల్లగా మెల్లగా అని. దేన్ని మెల్లగా అన్నాడో తెలియక వీరాస్వామి వ్యాన్ వేగం తగ్గించాడు. ఉన్న ఐదుగురు పిల్లలూ రెండు రోజులు బడికి ఆలస్యంగా చేరారు.

"ముసిలోడినైపోయినాను గదమ్మా. మరేటి, అదే అయ్యుంటాది," అని ఆయన తేల్చేశాడు. ఎవరూ అడక్కుండానే కళ్ళ పరీక్ష చేయించుకుని, చూపు బాగుందని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని వ్యాన్ ముందు అద్దానికి లోపలినుంచి అంటించాడు. అది ఎవరూ చదవలేదు. రోజూ పొద్దున అంబిగ ఇంటి ముందుకి రాగానే ఆయన కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్ళేది. కవలలు రారని గుర్తొచ్చాక మళ్ళీ ముందుకి పోనిచ్చేవాడు. ఆ సంగతి వ్యాన్‌లోని పిల్ల తనూష చెప్పగా విని, మోహనప్రియ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయింది. ఆయన దగ్గర ఆ వ్యాన్ తీసేస్తే ఇక మిగిలేది ఏమిటని ఆమె భయం.

ఆదివారం పదింటికి ఎప్పటిలాగే ఇంటి వసారాలో తెలుగు తరగతి జరిగింది. తరగతి అంటే పెద్దగా ఊహించుకోకండి. ప్లాస్టిక్ కుర్చీలు ఏడు, వాటిలో ఆరింటిలో పిల్లలు, ఏడో దాంట్లో వీరాస్వామి. అక్షరాలు మోహనప్రియకే ఆలస్యంగా వచ్చాయి. క్లాంగ్‌లో నెల్లాళ్ళ శిక్షణకి వెళ్ళి, కాపీ పుస్తకం దిద్ది నేర్చుకుంది. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళకుండే పట్టుదల ఆమెకూ ఉంది. వారానికి ఐదు అరువు మాటలు వదిలెయ్యాలి, ఐదు మన మాటలు పట్టుకోవాలి అన్నది ఆమె పెట్టిన నియమం. పిల్లలు గేటు దాటగానే మర్చిపోయేవారు. ఒక్క వీరాస్వామే దాన్ని దీక్షలా పట్టాడు.

"పాతవి ఎవరు చెప్తారు?" అని ఆమె అడిగింది.

"నాను సెప్తాను," అని ఆయన లేచి నిలబడ్డాడు. "కోయిల్ కాదు, గుడి. సావి కాదు, తాళంసెవి. తన్ని కాదు, నీల్లు. తన్ని అంటే మన బాసలో కాలెట్టి తన్నడం."

పిల్లలు నవ్వారు.

"ఇంటికాడే కాదమ్మా, బయిట కూడా అయే వాడతన్నాను. తమిళోల్లతో తమిళం మాటాడినా, నా మాట నాదే."

"శభాష్," అంది మోహనప్రియ. కానీ ఆమె దృష్టి మెట్టు దగ్గర విడిచిన ఆయన చెప్పుల మీద ఉంది. వాటికి నల్లటి బురద అంటుకుని ఎండిపోయి ఉంది. ఊళ్ళో రోడ్లన్నీ తారు రోడ్లే. ఈ బురద ఎక్కడిదబ్బా అనుకుంది. అంతలో ఒక పిల్లాడు 'ళ' రాయడం రావట్లేదని పలక చూపించడంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

తరగతి అయ్యాక ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు. మీటింగుకి ఇంకా నాలుగు గంటలుంది. మూడింటికి వ్యాన్ అద్దానికి అంటించిన కాగితాన్ని ఊడదీసి, మడిచి, ఆ చొక్కా జేబులో పెట్టాడు. అది చూశాక మోహనప్రియ ఇంట్లో ఉండలేకపోయింది. చేపల వరుసలోకి పారిపోతే పారిపోయింది గానీ అంబిగ అబద్ధాలాడే మనిషి కాదు. నేరుగా వెళ్ళి అడిగేద్దామని బయల్దేరింది.

అంబిగ తలుపు తీసి, వచ్చిందెవరో చూసి, గడపకి అడ్డంగా ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత పక్కకి తప్పుకుంది. లోపల ఆమె అత్తగారు వళ్ళియమ్మై చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వాళ్ళు మాట్లాడుకున్నదంతా తమిళమే, మనం తెలుగులో చెప్పుకుందాం.

"అక్కా, కూర్చోడానికి రాలేదు. ఒక్కటి చెప్పు, వెళ్ళిపోతాను. పిల్లల్ని వ్యాన్ ఎందుకు మాన్పించావు?"

"వాళ్ళ నాన్న దింపుతున్నారు ప్రియా. ఎలాగూ దారే కదా."

"అన్నయ్య ఫ్యాక్టరీ ఊరికి ఆ చివర, బడి ఈ చివర. ఈ ఊళ్ళో దారులెన్ని ఉన్నాయని అక్కా, నాకు తెలియకపోవడానికి?"

అంబిగ అత్తగారి వైపు చూసింది. వళ్ళియమ్మై చిక్కుడుకాయల మీదనుంచి తలెత్తకుండానే, "చెప్పెయ్. దాచి దాచి మనకే కడుపు ఉబ్బరం," అంది.

"నీకు తెలుసనే అనుకున్నాం," అంది అంబిగ. "తెలిసీ ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నావని నాకు కోపం కూడా వచ్చింది. చెప్పకుండా ఉండను."

"ఏం తెలుసని?"

"అంకుల్ తాగుతున్నారు కదా. పొద్దున్నే తాగి బండి తీస్తున్నారు."

మోహనప్రియకు కోపం రావాలి, రాలేదు. తోటలో ఉన్న రోజుల్లో ఆయన కల్లు తాగేవాడని ఆమెకు తెలుసు. నెలల పిల్లగా ఉన్న తన తల మీద చెయ్యి పెట్టించి మరిడమ్మ ఒట్టు వేయించుకుందట. ముప్ఫై ఏళ్ళుగా చుక్క ముట్టలేదు. కానీ ఈ మధ్య ఆయన దగ్గర, తాగినవాళ్ళు కంపు తెలియకుండా నమిలే ఏలకుల వాసన వస్తోంది. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. ఆరుంబావుకి వ్యాన్ తీసే మనిషి ఐదింటికే మోటారుసైకిలేసుకుని వెళ్ళి వస్తున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె నమ్మింది. నమ్మినందుకు వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్తే నేను నమ్మేస్తానా? పదిహేనేళ్ళ మనిషి. ఆయనే చెప్పారు. ఈ గుమ్మంలోనే నిలబడి, నాతోనే."

"నాన్నా?"

"ఒకరోజు వ్యాన్ పది నిమిషాలు లేటైంది. ఏంటి అంకుల్ అని ఊరికే అడిగాను. నవ్వుతూ చెప్పారు. దినముం కుడిక్కి పోయిట్టుదాన్ మా వండి ఎడుప్పేన్, అన్నారు."

రోజూ తాగడానికి వెళ్ళొచ్చాకే బండి తీస్తానమ్మా. తమిళంలో కుడి అంటే తాగుడు, ఆ భాష తెలిసిన ఏ చెవికైనా అది అలాగే వినబడుతుంది.

"నవ్వుతూ అన్నారు ప్రియా. అదే నాకు భయమేసింది. ఎప్పట్నుంచి అంకుల్ ఇది అని అడిగాను. రెండు నెలలైందన్నారు. అంతకుముందు లేదు కదా అంటే..." అంబిగ ఆగింది.

"అంటే?"

"నా కూతురే నేర్పించింది అన్నారు."

మోహనప్రియ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కూర్చోడానికి రాలేదన్న సంగతి ఆమెకిప్పుడు గుర్తులేదు. పక్కింటావిడ వారం రోజులుగా తనను చూసి గేటు ఎందుకు వేసేసుకుంటోందో, క్లినిక్‌కి వచ్చినవాళ్ళు బల్ల మీదకి వంగి తన మొహం దగ్గర ముక్కెందుకు ఎగబీలుస్తున్నారో అర్థమైంది. సైబర్‌జయలో నేర్చుకొచ్చి, కన్నతండ్రికి అలవాటు చేసిన కూతురు. ఊరు మూడు వారాలుగా తన గురించి అనుకుంటున్నది ఇది.

"నేను నేర్పించానా?" అంది మెల్లగా. "అక్కా, నేను ఆయనకి నేర్పింది వారానికి ఐదు మాటలు. అంతకుమించి..."

అక్కడ ఆమెకు పొద్దుటి తరగతిలో తండ్రి అన్నది గుర్తొచ్చింది.

కోయిల్ కాదు, గుడి. తమిళోల్లతో తమిళం మాటాడినా, నా మాట నాదే.

"ఆయన అన్న మాట మళ్ళీ చెప్పు," అంది. అంబిగ చెప్పింది. "ఆ కుడిక్కిలో మొదటి అక్షరం ఏమన్నారు? కు అన్నారా, గు అన్నారా?"

"రెండూ ఒకటే కదా?" అంది అంబిగ అయోమయంగా.

తమిళంలో ఒకటే మరి. మోహనప్రియ కవలల లెక్కల పుస్తకం లాక్కుని, వెనక అట్ట మీద తెలుగులో కు రాసింది, పక్కనే గు రాసింది. వాటి కింద తమిళ అక్షరం ఒకే ఒక్కటి రాసి, రెండింటినుంచీ దానికి గీతలు గీసింది. గుడి అంటే తెలుగులో కోయిల్ అని, రెండు నెలల క్రితం ఒక ఆదివారం తనే ఆ మాట నేర్పి, ఇకనుంచి కోయిల్ అనకండి అని కట్టడి చేసిందని చెప్పింది. ఆయన వాక్యమంతా తమిళంలో చెప్పి, ఆ ఒక్క మాటా కూతురి మీద ప్రేమతో తెలుగులో చెప్పాడు.

అందరికంటే ముందు వళ్ళియమ్మైకి వెలిగింది. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మ తెలుగు మనిషేనే," అంది. "చిన్నప్పుడు గుడికి రా, గుడికి రా అని చెవి పట్టుకుని లాక్కెళ్ళేది. అరవై ఏళ్ళైంది ఆ మాట విని. నా కోడలు వచ్చి అలా చెప్తే, ముసలిదాన్ని, నేనైనా ఆలోచించాను కాదు."

అంబిగ నేల మీద కూలబడింది. "నేను పదిమందికి చెప్పాను ప్రియా," అంది. "పిల్లలు కదా అని చెప్పాను. మరి అంకుల్ దగ్గర రోజూ వచ్చే ఏలకుల వాసన?"

"తీర్థంలో వేస్తారుగా."

"ఎర్రకళ్ళు?"

"హారతి పొగ. ఐదింటికి వెళ్ళి పూజారి తలుపు తీసేదాకా నిలబడి, పొగంతా పీల్చి వస్తాడు," అంది మోహనప్రియ. ఇప్పుడు ఆమెకు అన్నీ తెలిసిపోయినట్టే ఉంది. "నిమ్మకాయలు నువ్వేనా?"

"నిమ్మకాయలు నేను, మత్తు దిగుతుందని. కీళానెల్లి మా అత్త. కాలేయం పాడవుతుందని ఆవిడ బాధ."

ముగ్గురూ కలిసే బడికి బయల్దేరారు. తప్పు జరిగింది తన ఇంటి గుమ్మంలో కాబట్టి తానూ రావాల్సిందేనని వళ్ళియమ్మై పట్టుబట్టింది. పట్టుబట్టి ఊరుకోక చీర మార్చుకుంటానంది. చీర కుచ్చిళ్ళు కుదిరి, కారు కదిలి, బడి గేటు దాటేసరికి నాలుగూ ఇరవై అయింది.

హాలులో ఇరవై కుర్చీలు వేశారు. వాటికి ఎదురుగా, విడిగా ఒక కుర్చీలో వీరాస్వామి తెల్ల చొక్కాతో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు బల్ల మీద కళ్ళ డాక్టరు కాగితం మడతలు విప్పి పెట్టి ఉంది. దాని పక్కన వ్యాన్ తాళంచెవి ఉంది.

"రామ్మా," అన్నాడు కోగిలన్. లారీ టైర్ల వ్యాపారి ఆయన, మాట మెత్తన. "నువ్వు వచ్చేలోపే అయిపోయింది. అన్నే ఏదీ దాచలేదు. పెద్దమనిషి తరహాగా ఒప్పేసుకున్నారు."

"ఏం ఒప్పుకున్నాడు?"

"రోజూ ఉందా అన్నే అని అడిగాం. రోజూ తంబీ, అది లేకుండా స్టీరింగ్ ముట్టను అన్నారు. మానుకోవడానికి వీలవుతుందా అన్నాం. ఎందుకు మానాలి, ఆదివారాలు మీరు కూడా పిల్లల్ని తీసుకుని రండి అన్నారు." కోగిలన్ నుదురు తుడుచుకున్నాడు. "ఇక మేం మాత్రం ఏం చేస్తామమ్మా?"

వీరాస్వామి కూతురి వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం లేదు, ఏమీ తోచనితనం ఉంది. "ఏటమ్మా ఈల్లు?" అన్నాడు లోగొంతుకతో. "గుడికెల్తే తప్పేటి? తాళం ఇచ్చీమన్నారు. ఇచ్చీసినాను."

మోహనప్రియ నేరుగా గోడ దగ్గర తెల్లబోర్డు ముందుకి నడిచి, మార్కరు తీసుకుని, పెద్దగా కు రాసింది, గు రాసింది. తరగతిలో ఏడుగురికి చెప్పినట్టే ఇక్కడ ఇరవై మందికి చెప్పింది. అంబిగ లేచి, ముందు పొరపాటుగా విన్నది నేనే అని ఒప్పుకుంది. వళ్ళియమ్మై లేచి, అడిగినా అడక్కపోయినా, వాళ్ళమ్మ చెవి పట్టుకుని లాక్కెళ్ళిన గుడి గురించి చెప్పింది. మొదట వెనక వరుసలో ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత ఇద్దరు నవ్వారు. కాసేపటికి హాలంతా నవ్వే. "పిల్లల్ని కూడా తీసుకుని రండి అన్నారు లా," అని ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. మూడు వారాలుగా తన కళ్ళు తప్పించిన మనుషులు ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చి చెయ్యి పట్టుకుంటున్నారు. మోహనప్రియకు ఏడుపొచ్చింది. ఈ ఊరికి తిరిగొచ్చి మంచిపని చేశానని మొదటిసారి గట్టిగా అనిపించింది.

కోగిలన్ తాళంచెవిని రెండు చేతులతో తీసి వీరాస్వామి అరచేతిలో పెట్టాడు. "క్షమించాలి అన్నే. రేపటినుంచి అందరూ ఎక్కుతారు."

వీరాస్వామి తల ఊపాడు. అందరూ నవ్వుతున్నారు గానీ ఆయన నవ్వలేదు. మనసు నొచ్చుకుని ఉంటుంది, పాపం, అనుకుంది కూతురు.

అప్పుడు కిటికీ పక్కనుంచి గుణవతి లేచింది. తనూష తల్లి ఆమె. మిగిలిన ఐదుగురు పిల్లల్లో తనూష ఒకతి. వీరాస్వామి ఎప్పుడూ వెళ్ళే నది ఒడ్డు మారియమ్మన్ కోయిల్ గేటు దగ్గర పూల కొట్టు గుణవతిదే. తలుపులు తీయకముందే వచ్చి, పొద్దెక్కేదాకా అక్కడే కూర్చుని మాలలు కడుతుంది.

"నేను మొదటినుంచీ నమ్మలేదు," అంది ఆమె సంతోషంగా. "అందుకే నా పిల్లని మాన్పించలేదు. కానీ అన్నే, మీరు ఎలా ఉన్నారో అని నాకు బెంగగానే ఉంది. కోయిల్‌కి వచ్చి రెండు నెలలు దాటింది కదా మీరు. ఒంట్లో బాగాలేదేమోనని పోయిన శుక్రవారం మీ పేరు మీద నేనే అర్చన కూడా చేయించాను."

నవ్వు అన్ని కుర్చీల్లోనూ ఒకేసారి ఆగలేదు. ముందు వరుసలో ఆగింది, తర్వాత నడుమ ఆగింది, చివరికి వెనకవాళ్ళు కూడా ఏమైందని ఒకరినొకరు అడుగుతూ ఆగిపోయారు. గుణవతి తానేమన్నానో తెలియక అటూ ఇటూ చూసింది. అంబిగ మోహనప్రియ వైపు చూసింది. ఏలకుల గురించి, ఎర్రకళ్ళ గురించి తను అంబిగకి ఎంత ధీమాగా చెప్పిందో మోహనప్రియకు గుర్తొచ్చింది. మెట్టు దగ్గర చెప్పులకున్న నల్ల బురద కూడా గుర్తొచ్చింది. నది ఒడ్డు కోయిల్ దాకా సిమెంటు బాట ఉంది.

మార్కరు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఇందాక అందరి ముందూ తండ్రిని నిలబెట్టి గెలిపించింది తనే. ఇప్పుడు అదే అందరి ముందు ఆయన్ని ఒంటరిగా నిలబెట్టిందీ తనే. ఇంటికెళ్ళాక అడగాల్సింది. కానీ ఇరవై మంది ఆమె మొహమే చూస్తున్నారు, అడక్కపోతే ఆ మౌనానికి వాళ్ళే అర్థం చెప్పుకుంటారు.

"నాన్నా," అంది తెలుగులో, బల్ల దగ్గరికి వచ్చి, వీలైనంత తగ్గు గొంతుతో. "కోయిల్‌కి వెళ్ళట్లేదా నువ్వు? మరి రోజూ వెళ్తున్నానని అందరికీ చెప్పావు కదా."

వీరాస్వామి అరచేతిలోని తాళంచెవిని తిరిగి బల్ల మీద, కాగితం పక్కన, ఇందాక ఉన్న చోటే పెట్టేశాడు.

"కోయిల్‌కి ఎల్తన్నానని నాను ఎప్పుడు సెప్పినానమ్మా?" అన్నాడు. "గుడి అనే సెప్పినాను. కోయిల్ ఏరు, గుడి ఏరు."